తాబేళ్ల కోసం మేకల వేట

ఈక్వెడార్ తీరానికి పడమరగా దాదాపు 1000 కిలోమీటర్ల దూరంలో గలపగోస్ దీవులున్నాయి. వాటిలో పెద్దది ఇసబెలా. ఆరు అగ్నిపర్వతాల లావా ఒకదానితో ఒకటి కలిసిపోయి ఏర్పడిన నేల అది. పడమటి ఒడ్డున ఉర్బినా తీరంలో దిగితే పొదల మధ్య ఎండిన పగడాలు కనిపిస్తాయి. 1954లో అక్కడి సముద్రపు అడుగు ఉన్నట్టుండి నాలుగు మీటర్లకు పైగా పైకి లేచింది.

ఆల్సెడో అగ్నిపర్వతం తాలూకు రాక్షసి తాబేళ్లు తిరిగే చోటిది. రెండు మీటర్ల దూరంలో నిలబడాలన్నది నియమం. ఇంకా దగ్గరికి వెళ్తే తాబేలు బుస్సుమంటూ తల లోపలికి లాక్కుంటుంది. కోపమనుకుంటాం గానీ కాదు. డిప్పలో తలకు చోటు దొరకాలంటే ఊపిరితిత్తుల్లోని గాలి బయటికి పోవాలి, ఆ చప్పుడే అది.

సుమారు లక్ష ఏళ్ల కిందట ఆల్సెడో భారీగా పేలింది. అప్పుడు బతికి బయటపడ్డవి కొన్నే అనడానికి ఇప్పటి తాబేళ్ల జన్యువుల్లో వైవిధ్యం తక్కువగా ఉండటమే ఆధారం. అయినా మళ్లీ పుంజుకున్నాయి. తిండీ నీళ్లూ లేకుండా నెలల తరబడి బతుకుతాయని తిమింగలాల వేటగాళ్లు వీటిని ఓడల్లో బతికుండగానే పేర్చుకుపోయారు. దాన్నీ తట్టుకున్నాయి. ఆ తర్వాత మేకలొచ్చాయి.

ఇసబెలా దక్షిణ భాగంలో మనుషులు వదిలిన మేకలు, 1970ల చివర్లో లావా మైదానం దాటి ఆల్సెడో ఎక్కాయి. అవి తాబేళ్ల జోలికి పోలేదు, చెట్లను మేశాయి. ఎండాకాలంలో ఆ కొండకు నీళ్లిచ్చేది పొగమంచే. కొమ్మలకూ నాచుకూ పట్టిన తేమ బొట్లుబొట్లుగా రాలి చెట్టు కింద చిన్న మడుగవుతుంది. తాబేళ్లు అందులోనే తాగేవి, పడుకునేవి. చెట్టు పోయాక మంచు వచ్చినట్టే వచ్చి వెళ్లిపోయేది.

1997లో మొదలైన ఇసబెలా ప్రాజెక్టు 2006 దాకా సాగింది. హెలికాప్టర్ల నుంచి కాల్చి, వేటకుక్కలను దింపి, ఇసబెలా ఉత్తర భాగంలోనూ పక్కనున్న శాంటియాగో దీవిలోనూ లక్షకు పైగా మేకలను చంపారు. చదవడానికే కష్టంగా ఉంటుంది. కానీ చెట్టూ మేకా రెండూ మిగిలే దారి ఆ కొండ మీద లేదనే నాకనిపిస్తుంది.

చివర్లో దాక్కున్న మేకలు దొరకలేదు. అందుకని కొన్ని మేకలకు రేడియో పట్టీలు కట్టి వదిలారు. మేకకు ఒంటరితనం పడదు, ఎలాగైనా తోటి మేకను వెతుక్కుంటుంది. యేసును పట్టించిన శిష్యుడి పేరు మీద వాటిని యూదా మేకలన్నారు. పని పూర్తయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన కొన్నింటిని ఇసబెలా మీదే ఉంచారు, మళ్లీ ఎక్కడైనా మేకలు కనబడితే పట్టిస్తాయని.