మూతపడుతున్న ల్యాబులో దొరికిన ‘వాండా’

2007లో హాలీవుడ్‌లో మూతపడబోతున్న ఒక ఫిల్మ్ ల్యాబులో, పారవేయడానికి సిద్ధంగా ఉన్న డబ్బాల నుంచి ‘వాండా’ అనే అమెరికన్ సినిమా అసలు రీళ్లను యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) ఫిల్మ్ ఆర్కైవ్ కాపాడింది. కొంచెం ఆలస్యమైతే అవి చెత్తలో కలిసిపోయేవి. 1970 వెనిస్ చిత్రోత్సవంలో విమర్శకుల బహుమతి పొందిన సినిమాకు ఆ గతి ఎందుకు పట్టిందో తెలియాలంటే దాని పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

బ్యాంకు దోపిడీ కేసులో తనకు ఇరవై ఏళ్ల శిక్ష వేసిన న్యాయమూర్తికి ఒక స్త్రీ కృతజ్ఞతలు చెప్పుకున్నదన్న వార్త బార్బరా లోడెన్‌ను ఏళ్ల తరబడి వెంటాడింది. జైలే ఊరటగా తోచాలంటే ఆమె బయటి బతుకు ఎలాంటిదై ఉండాలి? నార్త్ కరోలినాలో పేదరికంలో పెరిగి, న్యూయార్క్ చేరి, 1964లో రంగస్థల నటిగా టోనీ బహుమతి అందుకున్న లోడెన్‌కు ఆ స్త్రీలో తన పాత రూపం కనిపించింది. ఆమె భర్త ఎలియా కజాన్ అప్పటికే పేరుమోసిన దర్శకుడు. అయినా ఈ కథను ఆమే రాసి, తీసి, ప్రధాన పాత్ర పోషించింది. నలుగురైదుగురి బృందంతో, 16 ఎంఎం కెమెరాతో, సుమారు 1,15,000 డాలర్ల ఖర్చుతో, ఎక్కువ భాగం పెన్సిల్వేనియా బొగ్గు గనుల ప్రాంతంలో చిత్రీకరణ సాగింది.

సినిమాలో, నల్లటి బొగ్గు గుట్టల నడుమ తెల్లని దుస్తుల్లో ఒక చిన్న ఆకారం నడిచి వెళ్తుంటే, కెమెరా తొందరపడకుండా దూరం నుంచే ఆమెను చాలాసేపు అనుసరిస్తుంది. ఆమే వాండా. జుట్టుకు రోలర్లతోనే, ఆలస్యంగా విడాకుల కోర్టుకు చేరి, పిల్లలు తండ్రి దగ్గరే బాగుంటారని చెప్పేస్తుంది. ఆ తర్వాత ఎవరు తీసుకెళ్తే వారి వెంట పోతుంది. చివరికి ఒక దొంగ వెంట.

అమెరికాలో సినిమా నామమాత్రంగానే విడుదలైంది. తిరుగుబాటు చేసే నాయిక కోసం ఎదురుచూస్తున్న నాటి స్త్రీవాదుల్లో కొందరికి ఇంత నిస్సహాయురాలు నచ్చలేదు. వారి నిరాశ అర్థం చేసుకోదగినదే. కానీ దారి, చదువు, డబ్బు ఏదీ లేని స్త్రీకి తెరపై అబద్ధపు విజయం అంటగట్టకపోవడమే లోడెన్ చూపిన గౌరవమని నేను నమ్ముతాను. మరో పూర్తి నిడివి కథాచిత్రం తీయకుండానే ఆమె 1980లో, 48వ ఏట, క్యాన్సర్‌తో మరణించింది.

ఆ తర్వాత సినిమాను ఆదుకున్నది ముఖ్యంగా ఫ్రాన్స్. రచయిత్రి మార్గరీత్ ద్యూరాస్ దాన్ని మనసారా మెచ్చుకుంది. నటి ఇసబెల్ హుపేర్ 2000ల తొలినాళ్లలో అక్కడ మళ్లీ విడుదల చేయించింది. ల్యాబు నుంచి తెచ్చిన రీళ్లతో పునరుద్ధరించిన ప్రతిని 2010లో ప్రదర్శించారు. 2017లో ‘వాండా’ భద్రపరచదగిన చిత్రాల జాబితా అయిన అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేరింది.