యాంటెన్నా, కేబుల్, ఎర్తింగ్: ఇంట్లో, బండిలో రేడియో పెట్టుకునేవాళ్ళకి అపోహలు - వాస్తవాలు

మాట్లాడే రేడియో, అంటే వాకీటాకీ లాంటి సెట్, కొనాలనుకున్నవాళ్ళు ముందు అడిగేది "ఏ సెట్ మంచిది, ఎన్ని వాట్లు" అని. యాంటెన్నా మాట చివర్లో వస్తుంది, కేబుల్ సంగతి అసలు ఎవరూ అడగరు, ఇంట్లో ఏది పడుంటే అది తగిలించేస్తారు. ఇళ్ళలో, బండ్లలో ఈ సెట్లు బిగించే పని నాది, నేను అందరికీ చెప్పేది ఒకటే, సెట్ వెనకాల కనెక్టర్ దగ్గర ఎన్ని వాట్లు ఉన్నాయో కాదు, పైన యాంటెన్నా దాకా ఎన్ని చేరుతున్నాయి, అక్కణ్ణుంచి ఎటు పోతున్నాయి అన్నది చూడండి. కింద రాసిన అపోహలు చాలావరకు ఈ ఒక్క లెక్క వదిలేయడం వల్ల వచ్చినవే. ఎక్కువగా వీహెచ్ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్), యూహెచ్ఎఫ్ (300 పైన) ఎఫ్ఎం సెట్ల గురించే మాట్లాడుతున్నా, 27 మెగాహెర్ట్జ్ సీబీ సెట్ల వాళ్ళకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది. ఏ ఫ్రీక్వెన్సీ వాడొచ్చు, ఎంత పవర్, లైసెన్స్ ఏం కావాలి అన్నది మీ దేశం రూల్స్ ప్రకారం ముందే చూస్కోండి, అది తేలాకే మిగతాదంతా.

అపోహ: వాట్లు పెంచితే దూరం పెరుగుతుంది

5 వాట్ల సెట్ తీసేసి 50 వాట్ల సెట్ పెడితే పదింతలు దూరం పోతుందని చాలామంది నమ్మకం. పదింతల పవర్ అంటే 10 డీబీ (డెసిబెల్, పవర్ ఎన్ని రెట్లు పెరిగింది, తగ్గింది అని చెప్పే కొలత). లెక్క ప్రకారం ఒక ఎస్ యూనిట్ (సిగ్నల్ మీటర్ మీద ఒక గీత) అంటే 6 డీబీ, అంటే అవతలివాళ్ళ మీటర్ మీద రెండు గీతలు కూడా పూర్తిగా పెరగదు. వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, భూమి వంపు అడ్డం వచ్చాక మీ పవర్ ఎంతున్నా పెద్దగా ఒరిగేదేం లేదు. దీనికి ఒక సులువైన లెక్క ఉంది, యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీస్కుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ యాంటెన్నాకి కనిపించే రేడియో హొరైజన్ (సిగ్నల్ తిన్నగా చేరగల హద్దు) కిలోమీటర్లలో వస్తుంది. చేతిలో పట్టుకున్న వాకీటాకీ ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటే 5 కిలోమీటర్లు, ఇంటి మీద 10 మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉంటే 13 కిలోమీటర్లు, రెండూ కలిపితే 18. అది కూడా మధ్యలో ఏ అడ్డూ లేని చదునైన నేల మీద. డబ్బాల మీద 40, 50 కిలోమీటర్లు అని వేస్తారే, అది ఒకళ్ళు కొండ మీద ఉన్నప్పటి మాట, 300 మీటర్ల ఎత్తుకి అదే లెక్క 71 కిలోమీటర్లు ఇస్తుంది.

ఇంకో సంగతి, చదును నేల మీద యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే దాదాపు 6 డీబీ కలిసొస్తుంది, అదే 6 డీబీ పవర్‌తో తేవాలంటే నాలుగింతల వాట్లు కావాలి. పైగా ఎత్తు పెరిగితే మీరు వాళ్ళకి వినపడటమే కాదు వాళ్ళు మీకు వినపడటం కూడా మెరుగవుతుంది, వాట్లు పెంచితే మీ గొంతు మాత్రమే పెరుగుతుంది, వాళ్ళ జవాబు మీకు ఎప్పట్లాగే గరగరమంటూ వస్తుంది. అందుకే నేనైతే ముందు యాంటెన్నా నిలబెట్టిన గొట్టం ఎత్తు పెంచమంటా, సెట్ సంగతి తర్వాత.

అపోహ: ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 వచ్చిందంటే యాంటెన్నా అదిరిపోయినట్టే

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే మనుషులు మీటర్ ముల్లు చూసి తృప్తి పడిపోయి అసలు లోపాన్ని ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తారు. ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ రేషియో) చెప్పేది ఒకే ఒక్క విషయం, పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరిగొస్తోందని. వెనక్కి రానిదంతా గాల్లోకే పోయిందని అర్థం కాదు. డమ్మీ లోడ్ అని ఉంటుంది, వాట్లన్నీ వేడిగా మార్చేసే రెసిస్టర్, దానికి 1:1 చూపిస్తుంది, కానీ దాంతో పక్క వీధికి కూడా మాట సరిగ్గా చేరదు.

కేబుల్ కూడా ఇదే పని చేస్తుంది. 20 మీటర్ల ఆర్‌జీ-58 అనే సన్న కేబుల్ తీస్కోండి, 450 మెగాహెర్ట్జ్ దగ్గర అది పైకి వెళ్ళేటప్పుడు సుమారు 7 డీబీ తినేస్తుంది. పైన యాంటెన్నా అసలు లేదనుకోండి, చివరి దాకా చేరిన కాస్త పవర్ మొత్తం వెనక్కి తిరుగుతుంది, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఇంకో 7 డీబీ పోతుంది, సెట్ దగ్గరికొచ్చేసరికి 14 డీబీ తగ్గి వస్తుంది. అప్పుడు మీటర్ ఎంత చూపిస్తుందో తెలుసా, 1.5:1. యాంటెన్నా లేకుండానే! చాలామంది "పర్ఫెక్ట్" అనుకునే రీడింగ్ అది. ఇది లెక్క కోసం చెప్తున్నా, యాంటెన్నా తీసేసి ట్రాన్స్‌మిట్ చేసి చూడమని కాదు.

మరి ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతుంటే చాలు? 1.5 దగ్గర వెనక్కి వచ్చేది 4 శాతం, 2 దగ్గర 11 శాతం, 3 దగ్గర 25 శాతం. 1.5ని 1.1 చెయ్యడానికి రోజంతా యాంటెన్నా కత్తిరిస్తూ కూర్చుంటే దొరికేది ఆ 4 శాతంలో కొంత, అవతలివాళ్ళకి ఆ తేడా చెవికి అందదు. 2 దాటితే మాత్రం పట్టించుకోండి, చాలా కొత్త సెట్లు అక్కణ్ణుంచి తమని తాము కాపాడుకోడానికి పవర్ తగ్గించేస్తాయి, ఆ రక్షణ లేని పాత సెట్లలో పవర్ బయటికి పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్ పోయే ప్రమాదం ఉంది. కొలిచేటప్పుడు వీలైతే మీటర్‌ని పైన యాంటెన్నా మొదట్లోనే పెట్టి కొలవండి, అక్కడైతే కేబుల్ అబద్ధం చెప్పలేదు.

అపోహ: కేబుల్ ఏదైనా ఒకటే, కనెక్టర్ పడితే చాలు

పైన చెప్పిన 7 డీబీ సంగతే మళ్ళీ చూడండి. 50 వాట్ల సెట్ కొన్నారు, ఆ 20 మీటర్ల సన్న కేబుల్ చివర మిగిలేది 10 వాట్లు, మిగతా 40 వాట్లు కేబుల్‌ని వెచ్చబెట్టడానికి పోయాయి. అదే పొడవు ఎల్ఎమ్ఆర్-400 అనే మందపాటి కేబుల్ వేస్తే నష్టం 1.8 డీబీ, పైకి 33 వాట్లు చేరతాయి. వినేటప్పుడు కూడా అంతే, అసలే పల్చగా వచ్చే సిగ్నల్ కిందికి దిగేలోపే ఆరిపోతుంది. 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ-58 ఇదే పొడవుకి ఒకటిన్నర డీబీ మాత్రమే తింటుంది కాబట్టి అక్కడ పర్లేదు, బండిలో నాలుగైదు మీటర్లకైతే వీహెచ్ఎఫ్‌లోనూ ఇబ్బంది లేదు. అంటే కేబుల్ మంచిదా చెడ్డదా అని అడక్కూడదు, ఏ ఫ్రీక్వెన్సీకి, ఎంత పొడవుకి అని అడగాలి.

టీవీ కేబుల్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి కేబుల్ చూపే అడ్డు లాంటిది) 75 ఓమ్స్, రేడియోలకి 50 కాబట్టి రేడియోకి అస్సలు వాడకూడదు అనే మాట కూడా ఉంది. నిజానికి ఆర్‌జీ-6 లాంటి మందపాటి ఫోమ్ కేబుల్ యూహెచ్ఎఫ్‌లో ఆర్‌జీ-58 కన్నా చాలా తక్కువ నష్టంతో పనిచేస్తుంది. 50 ఓమ్స్ యాంటెన్నాకి కేబుల్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 అవుతుంది, సెట్ వైపు మాత్రం కేబుల్ పొడవుని బట్టి 1 నుంచి 2.25 దాకా ఎక్కడైనా కనిపించొచ్చు. అసలు చిక్కు వేరే ఉంది, దాని అల్లిక ఎక్కువగా అల్యూమినియం, టంకం అంటుకోదు, పీఎల్-259 కనెక్టర్ సరిగ్గా బిగించడం కష్టం. అవసరానికి వాడండి, ఇంటికి శాశ్వతంగా మాత్రం 50 ఓమ్స్ కేబులే వేస్కోండి.

అపోహ: కేబుల్ ఇన్ని అడుగులే ఉండాలి, కత్తిరిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ చెడిపోతుంది

50 ఓమ్స్ కేబుల్, 50 ఓమ్స్ యాంటెన్నా అయితే పొడవుకీ ఎస్‌డబ్ల్యూఆర్‌కీ సంబంధం లేదు, నష్టం ఒక్కటే మారుతుంది. కేబుల్ పొడవు మారిస్తే మీటర్ గట్టిగా ఊగుతోందంటే కేబుల్ బయటి అల్లిక మీద కరెంట్ పారుతోందన్నమాట, అంటే మీ కేబుల్ కూడా యాంటెన్నాలో భాగం అయిపోయింది. యాంటెన్నా మొదట్లో కేబుల్‌కి ఫెరైట్ పూసలు తొడగండి లేదా కొన్ని చుట్లు చుట్టి చోక్ (ఆ బయటి కరెంట్‌ని ఆపే అడ్డు) చెయ్యండి. మైక్ పట్టుకుంటే చురుక్కుమనడం, కంప్యూటర్ స్పీకర్లలో మీ గొంతు వినపడటం లాంటివి చాలావరకు దీంతోనే తగ్గుతాయి.

అపోహ: ఎక్కువ డీబీ గెయిన్ ఉన్న యాంటెన్నానే ఎప్పుడూ మంచిది

యాంటెన్నా కొత్తగా పవర్ పుట్టించదు, ఉన్నదాన్ని ఒకవైపు మళ్ళిస్తుంది, ఆ మళ్ళింపు ఎంతో చెప్పేదే గెయిన్. బెలూన్‌ని పైనా కిందా నొక్కితే పక్కలకి ఉబ్బినట్టు, నిలువు యాంటెన్నాకి గెయిన్ పెరిగేకొద్దీ సిగ్నల్ పల్చని పళ్ళెంలా హొరైజన్ వైపు పరుచుకుంటుంది. చదును నేలకి అది బాగుంటుంది. మీరు లోయలో ఉండి రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్ళీ పంపే స్టేషన్) కొండ మీద పైన ఉంటే ఆ పళ్ళెం రిపీటర్ కిందనుంచి పోతుంది, అలాంటి చోట పొడుగు యాంటెన్నా తీసేసి మామూలు క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో పావు వంతుండే పుల్ల) పెడితేనే బాగా వినపడుతుంది. బండి కొండ దారుల్లో తిరిగేదైతే కూడా నా ఓటు క్వార్టర్ వేవ్‌కే.

డబ్బా మీద అంకె చూసేటప్పుడు డీబీఐ నా (అన్ని వైపులకీ సమానంగా పంపే ఊహా యాంటెన్నాతో పోల్చింది), డీబీడీ నా (డైపోల్ అనే రెండు పుల్లల మామూలు యాంటెన్నాతో పోల్చింది) అని చూడండి, రెంటికీ 2.15 తేడా, డీబీఐలో రాస్తే అంకె పెద్దగా కనిపిస్తుంది. ఏదీ రాయకుండా ఉత్త "డీబీ" అని వదిలేస్తే ఆ అంకెని నేను లెక్కలోకి తీస్కోను. ఒకే వైపు మాట్లాడాల్సి వస్తే అప్పుడు యాగీ (వరసగా పుల్లలుండే, ఒకే వైపు చూసే యాంటెన్నా) వాడండి, 1926లో జపాన్‌లో ఉడా, యాగీ ఇద్దరూ లోకానికి చూపించిన డిజైన్ ఇప్పటికీ అదే. కాకపోతే ఎఫ్ఎం వాళ్ళతో మాట్లాడేందుకు దాని పుల్లలు నిలువుగా ఉండాలి, టీవీ యాంటెన్నాలా పడుకోబెడితే 20 డీబీ దాకా పోవచ్చు.

ఇంటికి మొదటి యాంటెన్నా సొంతంగా చేస్కుంటే ఇంకా మంచిది. 145 మెగాహెర్ట్జ్‌కి 49 సెంటీమీటర్ల నిలువు పుల్ల ఒకటి, కింద దాదాపు అంతే పొడవున్న నాలుగు రేడియల్స్ (కింద నేల బదులు పనిచేసే పుల్లలు), వాటిని 45 డిగ్రీలు కిందికి వంచితే ఇంపెడెన్స్ 50 ఓమ్స్ దగ్గరికి వస్తుంది, అంతే.

అపోహ: బండి మీద యాంటెన్నా ఎక్కడ పెట్టినా ఒకటే

బండి మీద క్వార్టర్ వేవ్ అంటే సగం యాంటెన్నానే, మిగతా సగం కింద ఉన్న ఇనుప రేకు. అందుకే పైకప్పు మధ్యలో పెడితే అన్ని వైపులకీ సమానంగా పోతుంది, డిక్కీ అంచునో బంపర్ మీదో పెడితే రేకు ఎక్కువున్న వైపుకే సిగ్నల్ మొగ్గుతుంది. అన్నిటికన్నా మంచిది పైకప్పుకి రంధ్రం చేసి ఎన్ఎంఓ మౌంట్ (యాంటెన్నాని మర తిప్పి బిగించే ఆధారం) బిగించడం, 19 మిల్లీమీటర్ల రంధ్రం, సరిగ్గా చేస్తే నీళ్ళు దిగవు. రంధ్రం ఇష్టం లేకపోతే మ్యాగ్నెట్ మౌంట్ పెట్టుకోండి, వీహెచ్ఎఫ్ పైన అది పెయింట్ మీంచే రేకుతో కపుల్ అవుతుంది (నేరుగా తగలకుండానే సిగ్నల్ కలుస్తుంది). 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కపులింగ్ బలహీనం, అక్కడ నేరుగా బాడీకి తగిలే మౌంటే మేలు. అల్యూమినియం, ఫైబర్ బాడీలకి మ్యాగ్నెట్ అసలు అంటుకోదు, ఫైబర్ అయితే కింద రేకు కూడా లేదు కాబట్టి గ్రౌండ్ ప్లేన్ (కింది రేకు) అక్కర్లేని హాఫ్ వేవ్ యాంటెన్నా వెతుక్కోవాలి. అంచుకి బిగించే బ్రాకెట్ అయితే స్క్రూ పెయింట్ తొలుచుకుని లోహానికి తగలాలి, పెయింట్ మీదే ఆగిపోతే ఎస్‌డబ్ల్యూఆర్ పిచ్చిపిచ్చిగా తిరుగుతుంది.

కారులో కూర్చుని వాకీటాకీతో మాట్లాడేవాళ్ళు బయట ఒక చిన్న మ్యాగ్నెట్ యాంటెన్నా పెట్టి చూడండి, సెట్ మార్చకుండానే తేడా తెలుస్తుంది.

అపోహ: సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంట్ తీస్కుంటే సరిపోతుంది

5 వాట్ల సెట్‌కి సరిపోతుంది. 50 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 10 నుంచి 12 ఆంప్‌లు లాగుతుంది, ఆ సాకెట్ వైరింగ్ దానికోసం వేసింది కాదు. బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగండి, ఆల్టర్నేటర్ కూత కూడా చాలావరకు దీంతో పోతుంది. వైరు మందం ముఖ్యం, 5 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయి రావడానికి కలిపి 11 ఆంప్‌ల దగ్గర 0.8 వోల్టులు పడిపోతుంది, 4 వేస్తే అర వోల్టు. పాజిటివ్ ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, సెట్ దగ్గర పెడితే మధ్యలో వైరు రాపిడికి తెగి బాడీకి తగిలినప్పుడు దాన్ని ఆపేది ఏదీ ఉండదు, మంటలు అంటుకునేది అక్కడే. కొత్త బండ్లలో నెగటివ్ టెర్మినల్ మీద కరెంట్ సెన్సర్ ఉంటే నెగటివ్ వైరు బ్యాటరీకి కాకుండా బాడీ గ్రౌండ్ పాయింట్‌కి ఇవ్వండి. 24 వోల్టుల లారీల్లో రెండు బ్యాటరీల్లో ఒకదాన్నుంచి 12 వోల్టులు తీసేస్తుంటారు, దయచేసి అలా చెయ్యొద్దు, ఆ రెండూ సమానంగా చార్జ్ అవ్వక త్వరగా పాడవుతాయి, కన్వర్టర్ పెట్టండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు కేబుళ్ళ జోలికి అస్సలు పోవద్దు.

అపోహ: నేలలో రాడ్ దింపితే సిగ్నల్ పెరుగుతుంది, పిడుగు భయం కూడా పోతుంది

డైపోల్ కానీ, రేడియల్స్ ఉన్న నిలువు యాంటెన్నా కానీ పనిచెయ్యడానికి ఎర్త్ అక్కర్లేదు. ఎర్త్ ప్రాణం కోసం, ఇంటి కోసం. గొట్టాన్ని ఎర్త్ చెయ్యండి, కేబుల్ ఇంట్లోకి దిగే ముందే అరెస్టర్ (పిడుగు వోల్టేజీని ఎర్త్‌కి మళ్ళించేది) పెట్టండి, ఆ రాడ్‌ని ఇంటి మెయిన్ ఎర్త్‌తో మందపాటి తీగతో తప్పకుండా కలపండి. విడిగా వదిలేస్తే పిడుగు దగ్గర్లో పడ్డప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వచ్చి అది మీ సెట్ లోంచే దారి వెతుక్కుంటుంది. అరెస్టర్ ఉన్నా నేరుగా పడే పిడుగుని సెట్ తట్టుకోదు, ఉరుములు మొదలవక ముందే కేబుల్ విప్పేసి ఇంటి బయట ఉంచడం అన్నిటికన్నా భద్రం.

ఇంకొకటి, దీంట్లో రాజీ లేదు. గొట్టం ఎటు పడినా కరెంట్ తీగలకి తగలనంత దూరంలో నిలబెట్టండి. గొట్టం, యాంటెన్నా కలిపిన పొడవు కన్నా ఆ దూరం ఎక్కువే ఉండాలి. లేపేటప్పుడు చేతిలోంచి జారి తీగల మీద పడితే రెండో అవకాశం ఉండదు.

అపోహ: ఒకసారి బిగించాక పదేళ్ళు చూస్కోనక్కర్లేదు

పీఎల్-259లోకి నీళ్ళు దిగుతాయి. పైన కనెక్టర్‌కి తనకు తానే అతుక్కునే రబ్బర్ టేప్ సాగదీసి చుట్టి, దాని మీద ఎండకి తట్టుకునే టేప్ వెయ్యండి, ఇంట్లోకి వచ్చే చోట కేబుల్‌ని కొంచెం కిందికి వేలాడదీసి పైకి తీసుకెళ్తే వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. బిగించిన రోజు ఎస్‌డబ్ల్యూఆర్, పైన చేరే పవర్ రాసి పెట్టుకోండి, వానాకాలం ముందూ తర్వాతా మళ్ళీ కొలవండి. ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగితే ఏదో వదులైందని అందరికీ అర్థమవుతుంది. ఏమీ ముట్టుకోకుండా అది దానంతటదే తగ్గి ఇంకా బాగా కనిపిస్తుంటే కూడా అనుమానించండి, కేబుల్‌లో నీళ్ళు చేరి నష్టం పెరిగితే మీటర్ అలాగే మురిపిస్తుంది. అప్పుడు పై కనెక్టర్ విప్పి చూడండి, రాగి అల్లిక నల్లబడి ఉంటే ఒక అడుగు కత్తిరించి మళ్ళీ వాడుకుందాం అనుకోకండి, అల్లిక వెంట నీరు లోపల చాలా దూరం పాకి ఉంటుంది, ఆ కేబుల్ మొత్తం మార్చాల్సిందే.