“ఇంట్లో ఎవరూ లేరండీ”: మనవలకు ఒక ఉత్తరం

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవులైన మనవడిని, మనవరాలిని తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, మీ నాయనమ్మ క్షేమం. ఫోనులో చెబితే మీరు ఊఁకొడుతూ వేరే పని చూసుకుంటారని తెలిసి, ఈ సంగతిని తీరికగా కాగితం మీద పెడుతున్నాను.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున్న గొడుగులు వేసుకుని, చేతిసంచులతో ఇద్దరు ఆడవాళ్ళు మన గేటు దగ్గరికి వచ్చారు. అమ్మాయీ, నువ్వు పరుగున వెళ్ళి “ఇంట్లో ఎవరూ లేరండీ” అన్నావు. సరిగ్గా అప్పుడే ముందుగదిలో పేపరు చదువుకుంటున్న నాకు దగ్గు తెర వచ్చింది. వారిలో పెద్దామె కిటికీ వైపు ఒకసారి, నీ వైపు ఒకసారి చూసి నవ్వి ఊరుకున్నారు. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి కాబోలు, నువ్వు నీ పుట్టినరోజు చాక్లెట్టు ఒకటి ఆమెకు ఇవ్వబోయావు. ఆమె శుభాకాంక్షలు చెప్పకుండా “ఏ క్లాసమ్మా?” అని అడిగి, ఒక కరపత్రం గేటు సందులోంచి అందించి పక్కింటికి వెళ్ళారు. నువ్వు సాయంత్రం దాకా ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంటే, మీ అన్నయ్య “వాళ్ళు జాతీయగీతం కూడా పాడరట” అని ఇంకొంచెం ఆజ్యం పోశాడు. ఆ రోజు మీ ప్రయాణం సర్దుకోవడంలో నేను దేనికీ సరిగా జవాబు చెప్పలేదు.

వచ్చినవారు యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖవారు. కరపత్రం చూసి తెలుసుకున్నాను. వారు పుట్టినరోజులు జరుపుకోరు, క్రిస్మసు కూడా జరుపుకోరు. కనుక ఆమె నిన్ను అవమానించలేదు; తన విశ్వాసం ఒప్పుకోని మాట అనలేక, నీ మనసు నొప్పించనూ లేక, క్లాసు అడిగి తప్పించుకున్నారు. నువ్వు చెప్పిన అబద్ధంతో పోలిస్తే ఆమె తప్పించుకున్న తీరే నాకు మర్యాదగా తోచింది. వారిలో పాస్టర్లంటూ వేరే ఉండరు; ఇద్దరేసి చొప్పున ఇంటింటికీ తిరగడం ప్రతి విశ్వాసీ చేయవలసిన విధి. ‘కావలికోట’ అనే పత్రికను ఉచితంగా ఇస్తారు. కోవిడ్ వచ్చినప్పుడు 2020 మార్చిలో ఈ తిరుగుడు ఆపి, 2022 సెప్టెంబరులో మళ్ళీ మొదలుపెట్టారు. మధ్యలో ఫోన్లు చేసేవారు, చేతిరాతతో ఉత్తరాలు రాసేవారు. అలాంటిదొకటి మన ఇంటికీ వచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మీ నాయనమ్మ చాలా రోజులు దాచిపెట్టింది, లోపలి విషయం మాత్రం చదవలేదు.

మీ అన్నయ్య మాటలో సగం నిజం ఉంది. 1985లో కేరళలో ఈ విశ్వాసానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం పాడలేదు. అందరితో పాటు గౌరవంగా నిలబడ్డారు కాని నోరు మెదపలేదు. బడి వారిని పంపించివేసింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1986 ఆగస్టులో తీర్పు రాసిన న్యాయమూర్తి మన తెలుగువారే, ఓ. చిన్నపరెడ్డి గారు. నిలబడి గౌరవం చూపినవారు పాడకపోవడం అవమానం కాదని, మన సంప్రదాయమూ తత్త్వమూ రాజ్యాంగమూ సహనాన్నే చెబుతున్నాయని, దానిని పలచన చేయవద్దని ఆయన రాశారు. పిల్లలను మళ్ళీ బడిలో చేర్చుకోమన్నారు. నాయనా, ‘పాడరట’ అని సగం చెప్పి వదిలేయకుండా, ఈసారి ఎవరైనా ఆ మాట ఎత్తితే మిగతా సగం కూడా చెప్పు.

మన ఊరికి ఈ మతప్రచారం కొత్తది కాదు. ఫాదర్ హయ్యర్ అని అందరూ చెప్పుకునే అమెరికన్ లూథరన్ మిషనరీ 1842 జూలై 31న గుంటూరు చేరారు. ఆయనకు ఇక్కడ ఆదరువు చూపినవారు అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్. 1885లో ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ ఆ మిషన్ నుంచే పుట్టింది. వీటన్నిటికంటే నాకు ఇష్టమైన కథ డాక్టర్ అన్నా కుగ్లర్ గారిది. 1883లో ఆమెను ఇక్కడికి పంపింది వైద్యం కోసం కాదు. గడప దాటని ఆడవారి దగ్గరికి వెళ్ళి చదువూ సువార్తా చెప్పే జెనానా పనికి. మగ వైద్యుడి ముందు నాడి చూపించుకోవడానికి కూడా ఒప్పుకోని ఇళ్ళు ఆనాడు ఎన్నో ఉండేవి. అటువంటి చోట చదువు చెప్పడానికి వచ్చిన మనిషికి వైద్యం కూడా తెలుసంటే ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి. 1898లో ఆమె ఆసుపత్రి తెరిచారు. మనం ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అంటున్నది దానినే.

అలాగని గుమ్మంలో నిలబడి దేవుడి మాట చెప్పడం దొరలు తెచ్చిన అలవాటు అనుకోకండి. ధనుర్మాసంలో తల మీద రాగి అక్షయపాత్రతో, చిడతలతో, హరినామం పాడుతూ వచ్చే హరిదాసును మీరు సంక్రాంతికి చూశారు కదా. ఆయనకు ఒక గుప్పెడు బియ్యం పోస్తే చాలు, దీవించి వెళ్ళిపోతారు. మన అభిప్రాయం ఆయనకు అక్కరలేదు. ఈ గొడుగుల వారికి బియ్యం అక్కరలేదు, అభిప్రాయమే కావాలి. అందుకే వారితో మాట కొంచెం కష్టం.

ఆ మాట ఎలా మొదలవుతుందో గమనించారా? ఎవరూ వస్తూనే దేవుడిని ఎత్తరు. “ఎండలు మండిపోతున్నాయండీ” అంటారు, మందారం చెట్టు బాగుందంటారు. ఆ తరువాత “ఈ రోజుల్లో మనశ్శాంతి ఎక్కడుందంటారు?” అనో, “ఇన్ని కష్టాలు ఎందుకొస్తున్నాయంటారు?” అనో ఒక ప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్నకు లేదు, కాదు అనగలిగిన మనిషి ఉండడు. మనం ఒక నిట్టూర్పు విడిస్తే చాలు, పుస్తకం సంచిలోంచి బయటికి వస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. మిర్చి యార్డులో బేరానికి వచ్చినవాడు కూడా ముందు ఇంటిల్లిపాది క్షేమం అడిగాకే ధర ఎత్తుతాడు. అయితే మాట ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలిసి ఉంటే, ఆ మలుపు దాకా హాయిగా మాట్లాడవచ్చు. ఎండ గురించి, మందారం గురించి మాట్లాడడానికి భయమెందుకు?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఇరవై ఏళ్ళ కిందట, నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి, ఆయన వెంట ఒక కుర్రవాడు ఇలాగే వచ్చారు. నాకు ఆసక్తి లేదని చెప్పడానికి మొహమాటపడి, మన అలవాటు ప్రకారం “ఈవేళ పని ఉందండీ, వచ్చే ఆదివారం చూద్దాం” అన్నాను. మన మధ్య ఆ మాటకు అర్థం ‘రావద్దు’ అని. ఆయన మాత్రం జేబులోంచి చిన్న పుస్తకం తీసి నా మాటను నా మాటగానే రాసుకున్నారు. వచ్చే ఆదివారం సరిగ్గా వచ్చారు. అప్పుడు ఊరికి వెళ్ళాలన్నాను. ఆ తరువాతి ఆదివారం తలనొప్పి అన్నాను. ఆరు వారాలు గడిచాయి, ఆరో వారం ఆదివారం ఉదయం నేను పెరట్లో నూతిగట్టు వెనక కూర్చుని ఉంటే, మీ నాయనమ్మ వచ్చి “మీ ఇంట్లో మీరే దొంగలా దాక్కోవడం ఏమిటి?” అని కడిగేసింది. అప్పుడు బయటికి వెళ్ళి, చేతులు జోడించి, “నాకు మా ఇంటి దేవుడు చాలండి, మతం మారే ఉద్దేశం లేదు, మీరు శ్రమ పడవద్దు” అన్నాను. ఆయన కోపగించుకోలేదు. చెమట తుడుచుకుని, “ఈ మాట మొదటి వారమే చెప్పి ఉంటే కొరిటెపాడు నుంచి ఆరుసార్లు నడిచి వచ్చేవాళ్ళం కాదండీ” అన్నారు. ఆ కుర్రవాడి చెప్పులు అరిగిపోయి ఉండడం నేను ఆ రోజే చూశాను. నా మొహమాటానికి ఖరీదు వాళ్ళు కట్టారు.

అందుకని, పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే “తాతయ్యను పిలుస్తానుండండి” అనండి. మీకు వినాలని లేకపోతే “మాకు ఆసక్తి లేదండీ, నమస్కారం” అని మెల్లగా, ముఖం చూసి చెప్పండి. ఎండగా ఉంటే మంచినీళ్ళు కావాలా అని అడగండి. నీళ్ళిస్తే మతం ఒప్పుకున్నట్టు కాదు, పుచ్చుకున్నవారూ అలా అనుకోరు. మీరు ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం, వచ్చినవారు ఏ దేవుడి పేరు చెప్పినా, ఎంత సౌమ్యంగా కనిపించినా, గేటు గొళ్ళెం తీయవద్దు. ఫోను నంబరు, బడి పేరు ఇవ్వవద్దు. “పెద్దవాళ్ళు ఇప్పుడు మాట్లాడలేరండీ” అంటే అబద్ధం కాదు. వాదానికి దిగడం, మన దేవుడు గొప్పా మీ దేవుడు గొప్పా అనడం, అది మీకు చేతకాదు, నాకూ చేతకాదు.

వీధిలో సంగతి వేరు. విజయవాడ స్టేషనులోనో బస్టాండులోనో కాషాయం కట్టుకున్నవారు నవ్వుతూ మీ చేతిలో భగవద్గీత పెడతారు. అది కానుక అనుకుని సంచిలో వేసుకుంటే విరాళం అడుగుతారు. దేవుడి పుస్తకం తిరిగి ఇస్తే పాపమేమోనని నేను ఒకసారి వంద రూపాయలు ఇచ్చుకున్నాను. పాపం లేదు, రెండు చేతులా తిరిగి ఇచ్చేయండి. బీసెంటు రోడ్డులో ఒకసారి తెల్లచొక్కా, టై, గుండె మీద నల్ల పేరుబిళ్ళతో ఇద్దరు కుర్రవాళ్ళు నన్ను పలకరించారు. వారు మోర్మన్లు, అమెరికాలో పుట్టిన ఒక మతశాఖవారు. ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లవాడి బిళ్ళ మీద ‘ఎల్డర్’ అని ఉంది, అంటే పెద్ద! రెండేళ్ళు ఇల్లు వదిలి ఇలా తిరుగుతారు. బెంజి సర్కిలుకు ఏ బస్సు ఎక్కాలని నన్నే అడిగారు. బస్సు నంబరు చెప్పాను, సువార్త దాకా పోకుండానే బస్సు వచ్చింది.

అందరూ అందరి దగ్గరికీ రారు కూడా. పాత గుంటూరులో సాయంత్రం నమాజు తరువాత తబ్లీగీ జమాత్ వారు నలుగురైదుగురు కలిసి ఇళ్ళకు తిరుగుతారు. దానిని గష్త్ అంటారు. వారు తలుపు తట్టేది ముస్లింల ఇళ్ళనే, మసీదుకు రమ్మని పిలవడానికి. ఇక మన వెనకింటివారు తాతల నాటి నుంచి లూథరన్లు. యెహోవాసాక్షులు వారి ఇంటికీ వెళతారు, మన ఇంట్లో కంటే ఎక్కువసేపు నిలబడతారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే త్రిత్వాన్ని ఒప్పుకోనివారికీ ఒప్పుకున్నవారికీ మధ్య మాట తొందరగా తెగదు మరి. “మీరైతే వద్దంటే సరిపోతుంది మాస్టారూ, మేము బైబిలు తీయవలసి వస్తోంది” అని ఆయన నాతో మొరపెట్టుకున్నారు.

అసలు వారు ఇలా రావచ్చా అని మీ నాన్న చిరాకుపడ్డాడు. రావచ్చు. రాజ్యాంగం 25వ అధికరణం, శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి భంగం కలగనంతవరకు, తన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. ప్రచారం చేసే హక్కంటే తన మతంలో ఏముందో చెప్పే హక్కే కాని, ఎదుటివాడిని మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెప్పుకోవడం వారి హక్కయితే, వద్దనడం నీ హక్కు. ఆ హక్కు నీకు ఉండగా, అమ్మాయీ, ‘ఇంట్లో ఎవరూ లేరు’ అనవలసిన అవసరం ఏముంది?

మొన్న ఆదివారం ఆ పెద్దామె ఎదురింటికి వచ్చి, గేటు దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తున్న నన్ను చూసి రోడ్డు దాటి వచ్చారు. నేను పుస్తకం వద్దని ముందే చెప్పాను. “పుస్తకానికి కాదండీ, దగ్గు తగ్గిందా అని” అన్నారు. తగ్గిందన్నాను. మంచినీళ్ళు తాగి, గొడుగు విప్పుకుని నాలుగో లైను వైపు వెళ్ళారు. ఆవిడ ఇచ్చిన కరపత్రం నీ పుస్తకాల అరలోనే ఉంది, పారేయలేదు. దసరాకు వచ్చినప్పుడు చదువుతావో చదవవో నీ ఇష్టం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య