గోల్డెన్ డాన్: గ్రీస్ నయా నాజీ పార్టీపై అపోహలు - వాస్తవాలు

పొలిటికల్ సైన్స్ క్లాసులో యూరప్ అతివాద పార్టీల పాఠం చెప్పేటప్పుడు నేను గ్రీస్‌లోని గోల్డెన్ డాన్ పార్టీనే ఉదాహరణగా తీసుకుంటాను. కోర్టులో ఐదేళ్లకు పైగా విచారణ జరిగి, పార్టీ లోగుట్టు అంతా బయటపడిన కేసు కాబట్టి.

అపోహ: ఆర్థిక సంక్షోభంలోంచి పుట్టిన పార్టీ.

సంక్షోభం దానికి ఓట్లు తెచ్చింది, అంతే. పార్టీ నాయకుడు నికోలాస్ మిఖాలోలియాకోస్ 1980లోనే ఇదే పేరుతో పత్రిక పెట్టాడు. అందులో హిట్లర్‌ను బాహాటంగా పొగిడేవారు. 2009 ఎన్నికల్లో పార్టీకి వచ్చింది 0.29 శాతం. జీతాలు, పింఛన్లు కోసేశాక జనం పాత పార్టీల మీద మండిపడుతున్న 2012 మేలో 6.97 శాతం ఓట్లు, 21 సీట్లు వచ్చాయి.

అపోహ: వాళ్లు జాతీయవాదులే, నాజీలన్నది ప్రత్యర్థుల ప్రచారం.

1941-42 చలికాలంలో జర్మన్ ఆక్రమణ కింద ఏథెన్స్ వీధుల్లో జనం ఆకలితో చచ్చిపోయారు. అలాంటి దేశంలో మేం నాజీలమని చెప్పి ఓట్లడిగితే ఎవరు వేస్తారు? అందుకే బయట దేశభక్తి, లోపల జాతి స్వచ్ఛత, నాజీ సెల్యూట్లు, నాయకుడి మాటే శాసనం.

అపోహ: పేదలకు అన్నం పెట్టారు కదా!

పెట్టారు, గుర్తింపు కార్డు చూసి, గ్రీకులకు మాత్రమే. రక్తదానమూ అంతే. దీన్ని సేవ అనడానికి నాకు నోరు రాదు.

అపోహ: దాడులు కొందరు కార్యకర్తల ఆవేశం, పార్టీకి సంబంధం లేదు.

నాయకుల వాదన కూడా ఇదే. కేసంతా నడిచింది దీని చుట్టూనే. 2013 జనవరిలో తెల్లవారకముందే సైకిల్ మీద పనికి వెళ్తున్న షెజాద్ లుక్మాన్ అనే 27 ఏళ్ల పాకిస్తానీ కార్మికుణ్ని ఏథెన్స్‌లో పొడిచి చంపారు. నిందితుల్లో ఒకడి ఇంట్లో పార్టీ కరపత్రాలు దొరికాయి. అప్పుడు పెద్దగా ఎవరూ కదల్లేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఏథెన్స్ దగ్గరి కెరాట్సినిలో పావ్లోస్ ఫిస్సాస్ అనే గ్రీకు ర్యాప్ గాయకుణ్ని చంపాకే ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. హంతకుడు రూపాకియాస్ ఎవరో తెలియదని పార్టీ అంది. పార్టీ కార్యక్రమాల్లో అతని ఫొటోలు బయటపడ్డాయి. ఆ రాత్రి స్థానిక శాఖ నాయకుడు అందరూ వెంటనే ఆఫీసుకు రావాలని పంపిన ఎస్ఎంఎస్, ఫోన్ కాల్స్ వరస కోర్టులో బలమైన సాక్ష్యాలయ్యాయి. ఆవేశంలో ఉన్నవాడు ఆఫీసులో హాజరు వేయించుకుని బయల్దేరడు.

మింగుడుపడని సంగతి ఇంకొకటి. 2015 సెప్టెంబర్‌లో ఆ హత్యకు రాజకీయ బాధ్యత మాదేనని మిఖాలోలియాకోస్ రేడియోలో ఒప్పుకున్నాడు. మూడు రోజుల తర్వాత ఎన్నికల్లో పార్టీ 6.99 శాతంతో మూడో స్థానంలో నిలిచింది. ఓటర్లకు నిజం తెలియక వేశారనే వాదన ఇక్కడ నిలబడదు.

అపోహ: కోర్టు పార్టీని నిషేధించింది.

గ్రీస్ రాజ్యాంగంలో పార్టీల నిషేధానికి వీలే లేదు. 2020 అక్టోబర్ 7న కోర్టు పార్టీని నేరసంస్థగా తేల్చి, వారం తర్వాత మిఖాలోలియాకోస్‌తో పాటు ముఖ్య నాయకులకు సుమారు 13 ఏళ్ల జైలు, రూపాకియాస్‌కు యావజ్జీవం వేసింది. అప్పటికే, 2019లో, ఓటర్లు పార్టీని పార్లమెంటు నుంచి సాగనంపారు.

అక్కడితో ఆ ఓటు మాయం కాలేదు. శిక్షపడ్డ నాయకుల్లో ఒకడైన కసిడియారిస్ 2023 జూన్‌లో జైల్లోంచే స్పార్టన్స్ అనే పార్టీకి మద్దతు పలికాడు. దానికి 12 సీట్లు వచ్చాయి.