పార్ట్ ఉంది, పర్మిషన్ లేదు

పాత బండ్లకు స్పేర్ పార్టులు ఎన్నాళ్లు దొరకాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. 2024 జూన్‌లో అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ ఫిస్కర్ దివాలా తీయడంతో దాని ఓషన్ మోడల్ కార్లు కొన్నవాళ్లు సంఘం పెట్టుకుని పార్టులకూ సాఫ్ట్‌వేర్‌కూ తామే దారులు వెతుక్కున్నారు. 2025 ఫిబ్రవరిలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు రిపేర్ హక్కు చట్టం మీద కార్ల కంపెనీలు వేసిన కేసును అక్కడి ఫెడరల్ కోర్టు కొట్టేసింది. అదే ఏడాది మే 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో విడిభాగాల డిజైన్ హక్కుల (వాటి రూపాన్ని ఇతరులు కాపీ చేయకుండా ఆపే హక్కుల) మీద కొత్త నియమం అమల్లోకి వచ్చింది. ఈ మూడూ వేర్వేరు వార్తల్లా వచ్చాయి కానీ మూలం ఒక్కటే.

ముందుగా ఒక అపోహ సంగతి చూద్దాం. మోడల్ ఆపేశాక పదేళ్ల పాటు పార్టులు ఇవ్వాలని చట్టం ఉందని చాలామంది నమ్ముతారు. అమెరికా ఫెడరల్ చట్టంలో అలాంటిదేమీ లేదు. అక్కడ ఉన్నది భద్రతా లోపాల రీకాల్ నియమం. బండి మొదటిసారి అమ్ముడైన నాటి నుంచి 15 ఏళ్ల వరకు ఆ లోపాన్ని ఉచితంగా సరిచేయాలి. 2015 చట్టానికి ముందు అది పదేళ్లే. మామూలుగా అరిగే, విరిగే పార్టుల సంగతి అందులో లేదు. అక్కడి రోడ్ల మీద వాహనాల సగటు వయసు 2024లో 12.6 ఏళ్లకు చేరింది. అంటే ఈ గొడవ పాత కార్ల సరదా ఉన్న కొద్దిమందిది కాదు, రోజూ పనికి వెళ్లొచ్చే వాళ్లది.

కంపెనీ మూతపడితే పార్టులూ పోతాయా? పోనక్కర్లేదు. 2011 డిసెంబర్‌లో స్వీడన్ కార్ల కంపెనీ సాబ్ దివాలా తీసినా దాని విడిభాగాల విభాగం విడిగా నిలబడింది. తర్వాత స్వీడన్ ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. ఓరియో అనే పేరుతో అది పార్టులు అమ్ముతూనే వచ్చింది. కొలతలూ అచ్చులూ ఉండి, కొనేవాళ్లుంటే తయారుచేసేవాళ్లు దొరుకుతారు.

ఓషన్ విషయంలో ఆ దారి సరిపోలేదు. మిగిలిన మూడు వేలకు పైగా కార్లను కొన్న సంస్థ 2024 అక్టోబర్‌లో కోర్టుకెక్కింది. కార్ల సమాచారాన్ని ఫిస్కర్‌ది కాని సర్వర్‌కు మార్చడం కుదరదని ఫిస్కర్ తమకు చెప్పిందన్నది దాని అభ్యంతరం. కార్లు చేతికి వస్తున్నా, వాటితో మాట్లాడే సర్వర్ మాత్రం అప్పటికి మూతపడ్డ కంపెనీ పేరు మీదే ఉంది.

అసలు మలుపు ఇక్కడే ఉంది. 1990ల నాటి కారు ఇంజిన్ కంట్రోల్ బోర్డు తీసి చూడండి. వయసు మీదపడితే అందులోని కెపాసిటర్లు కారి, ఆ ద్రవం రాగి గీతలను తినేస్తుంది. పనితనం ఉన్న మెకానిక్ మూత విప్పి, బోర్డు కడిగి, కొత్త కెపాసిటర్లు టంకం పెట్టి, తెగిన గీతను సన్నటి తీగతో కలుపుతాడు. బండి స్టార్ట్ అవుతుంది. ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ తర్వాతి తరం బండ్లలో చాలావాటికి అదే మోడల్ స్క్రాప్ బండి నుంచి తీసిన మంచి మాడ్యూల్ (ఇలాంటి ఎలక్ట్రానిక్ కంట్రోల్ పెట్టె) బిగించినా పనిచేయదు. అది పాత బండి నంబరుతో ముడిపడి ఉంటుంది. కంపెనీ సర్వర్ నుంచి కోడ్ వస్తేనే కొత్త బండిని ఒప్పుకుంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పార్ట్ చేతిలో ఉన్నా బండి కదలదు.

ఈ మార్పు చట్టం ముందు బాహాటంగా బయటపడింది 2015లో. వాహన సాఫ్ట్‌వేర్ తాళాన్ని రిపేర్ కోసం తెరవడం కాపీరైట్ చట్టం కింద నేరం కాకుండా మినహాయింపు ఇవ్వాలని అమెరికా కాపీరైట్ ఆఫీసు ముందు అర్జీలు పడ్డాయి. ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ దాన్ని వ్యతిరేకించింది. బండి ఉన్నంత కాలం దాన్ని నడుపుకోవడానికి యజమానికి ఉన్నది ఒక లైసెన్సు లాంటిదేనని వాదించింది. జనరల్ మోటార్స్ కూడా వద్దనే చెప్పింది. పూర్తి డబ్బు కట్టి కొన్న మనిషికి ఆ మాట ఎలా వినిపిస్తుందో వేరే చెప్పాలా? ఆ ఏడాది అక్టోబర్‌లో మినహాయింపు వచ్చింది. కానీ యజమానికి మాత్రమే. తాళం తెరవడం వచ్చిన మెకానిక్ సాయం చేయడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది.

తయారీదారుల వాదన దొంగతనం, హ్యాకింగ్, భద్రత చుట్టూ తిరుగుతుంది. అందులో నిజం లేకపోలేదు. మాడ్యూళ్లకు తాళం వేస్తే దొంగ పార్టుల మార్కెట్ తగ్గుతుంది. సైబర్ భద్రత మీద ఐక్యరాజ్యసమితి నిబంధన 155ను యూరప్ 2024 జూలై నుంచి కొత్త వాహనాలన్నిటికీ తప్పనిసరి చేసింది. అయితే 2023 అక్టోబర్‌లో యూరోపియన్ కోర్టు, భద్రత పేరుతో డయాగ్నస్టిక్ పోర్టుకు (మెకానిక్ పరికరం తగిలించి బండి లోపాలు చదివే సాకెట్‌కు) కంపెనీలు సొంత షరతులు పెట్టడం చెల్లదని తేల్చింది. తాళం ఉండకూడదని రిపేర్ చేసేవాళ్లు అనడం లేదు. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండకూడదని అంటున్నారు.

మసాచుసెట్స్ ఓటర్లు 2020లో దాదాపు 75 శాతం మంది ఆమోదించింది కూడా ఇదే. బండి వైర్‌లెస్‌గా పంపే సమాచారం యజమాని ఎంచుకున్న మెకానిక్‌కూ అందాలన్నారు. వెంటనే కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. ఆ కోర్టులో కేసు తేలడానికి నాలుగేళ్లు దాటింది. ఈలోగా అప్పటి బండ్లకు మరో నాలుగేళ్ల వయసు పెరిగింది.

యూరప్ కొత్త నియమాన్నీ ఈ లెక్కలోనే చూడాలి. బంపర్, బోనెట్, హెడ్‌లైట్ లాంటివి బండి అసలు రూపానికి సరిపోయేలా ఉండాలి. అలాంటి పార్టులను రిపేర్ కోసం ఎవరైనా తయారుచేయొచ్చు, డిజైన్ హక్కు అడ్డురాదు. జాతీయ స్థాయిలో ఆ హక్కు అప్పటికే ఉన్న దేశాల్లో పాత డిజైన్లకు 2032 డిసెంబర్ దాకా గడువిచ్చారు. మంచి నియమమే, ఎప్పుడో రావాల్సింది. కానీ అది కంటికి కనిపించే రూపం వరకే. ఆ హెడ్‌లైట్ లోపలి కంట్రోల్ మాడ్యూల్‌కు కోడ్ ఎవరివ్వాలో అది చెప్పదు. అమెరికా మినహాయింపుకూ హద్దుంది. తాళం తెరవొచ్చు కానీ తెరిచే పరికరాన్ని అమ్మడానికి అది అనుమతివ్వదు. పైగా మూడేళ్లకోసారి కొత్తగా అడిగి తెచ్చుకోవాలి. ఆ గడువు మళ్లీ 2027లో వస్తుంది.