బెల్లం ముక్కతో సీసం పోదు

బెంగళూరు బ్యాటరీ షాపుల్లో పనిచేసే మనవాళ్లు, అనంతపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చినవాళ్లు, పని దిగగానే ఓ బెల్లం ముక్క నోట్లో వేసుకుంటారు. లోపలికి పోయిన సీసం (లెడ్) దుమ్మంతా దాంతో కొట్టుకుపోతుందని నమ్మకం. కొన్నిచోట్ల ఓనరే గ్లాసు పాలు ఇప్పిస్తాడు, దాంతో తన బాధ్యత తీరిపోయినట్టు. పాలు తాగడం మంచిదే, ఒంట్లో కాల్షియం తక్కువైతే పేగులు సీసాన్ని ఇంకా ఎక్కువ లాక్కుంటాయి కాబట్టి. కానీ రక్తంలోకి చేరిపోయినదాన్ని పాలూ తీయవు, బెల్లమూ తీయదు. రక్తంలో ఉన్నది సగానికి తగ్గడానికే నెల పడుతుంది, ఎముకల్లో చేరిందంటే ఏళ్ల తరబడి అక్కడే.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో సర్క్యూట్ బోర్డులు బాగుచేసేవాళ్లది ఇంకో రకం భయం, సోల్డరింగ్ పొగలో సీసం ఉందని టెన్షన్ పడతారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది గానీ ఆ సోల్డరింగ్ ఐరన్ వేడికి ఆవిరయ్యేది దాదాపు ఏమీ ఉండదు, కనిపించే పొగ ఫ్లక్స్‌ది, అంటే అతుకు పట్టడానికి వాడే పదార్థానిది (అదీ ఊపిరితిత్తులకు మంచిదేం కాదు లెండి). సీసం ఉండేది వేళ్ల మీద, గోళ్ల సందుల్లో, అదే చేత్తో ఇడ్లీ తుంచుకుంటాం. బ్యాటరీ టెర్మినల్‌ను గ్యాస్ టార్చ్‌తో అతికించేటప్పుడు మాత్రం నిజంగానే సీసం పొగ లేస్తుంది, ముఖానికి కట్టుకున్న కర్చీఫ్‌కు అది ఆగదు. పాత బ్యాటరీల ప్లేట్లు విరిచినప్పుడు రాలే బూడిదరంగు పొడిని పొడి చీపురుతో ఊడిస్తే మళ్లీ గాల్లోకి లేచి ముక్కులోకే వస్తుంది, తడిగుడ్డతో తుడవాల్సిందే.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది వేరే ఉంది. అదే చొక్కా, అవే చెప్పులతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవడం. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది పదో వంతైతే పసిపిల్లలకు సగం దాకా పడుతుంది, దెబ్బ మెదడు మీదే. షాపులోనే స్నానం, కనీసం చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కోవడం, బట్టలు మార్చుకోవడం, ఆ బట్టల్ని ఇంట్లోవాటితో కలపకుండా విడిగా ఉతకడం, వీటికి పెద్ద ఖర్చేం లేదు.

కడుపునొప్పి, మలబద్ధకం, కీళ్లనొప్పులు, నీరసం సీసం వల్ల కూడా రావొచ్చు, మనమేమో గ్యాస్ మాత్ర వేసుకుని ఊరుకుంటాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సీసం జబ్బును ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది, కానీ ముగ్గురు నలుగురు పనిచేసే షాపు దాని లెక్కలోకే వచ్చేది కాదు. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్తే నొప్పితో పాటు చేసే పనేంటో కూడా చెప్పి, బ్లడ్ లెడ్ టెస్ట్ రాయమని అడగాలి. డెసిలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అది ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.