అమావాస్య చూసి బుక్ చేసే బోటు: ఫ్లోరిడాలో టార్పన్ సీజన్

ఫ్లోరిడా పడమటి తీరంలో బోకా గ్రాండే అని ఒక చిన్న ఊరుంది, టాంపాలో ఉండే మనవాళ్లకి కారులో సుమారు రెండు గంటల దూరం. ఏప్రిల్ చివర్లో మొదలై మే, జూన్ నెలల్లో అక్కడ టార్పన్ అనే చేప కోసం జనం ఎగబడతారు. కెప్టెన్‌తో సహా బోటుని పూటకింతని మాట్లాడుకుని వెళ్లడమే చార్టర్. గాలం, ఎర, లైసెన్సు అన్నీ కెప్టెనే చూసుకుంటాడు, మనం టోపీ పెట్టుకుని ఎక్కితే చాలు. అయితే ఏ రోజు పడితే ఆ రోజు మంచి బోటు దొరకదు. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గరపడ్డ రోజుల్లో, అందులోనూ మధ్యాహ్నం దాటిన తర్వాతి పూటకి గిరాకీ ఎక్కువ. ఆ వేళప్పుడు జోరుగా వెనక్కి తీసే నీటిని అక్కడివాళ్లు హిల్ టైడ్ అంటారు.

అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువని మన తీరంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ మధ్యాహ్నమే ఎందుకు? విశాఖలో రోజుకి రెండు పోట్లు వస్తాయి, రెండూ ఇంచుమించు సమానం. మెక్సికో గల్ఫ్‌లో అలా కాదు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, కొన్నిరోజులు అసలు ఒకటే వచ్చినట్టు ఉంటుంది. చంద్రుడు భూమధ్యరేఖకి ఉత్తరానికో దక్షిణానికో ఎంత దూరం జరిగితే ఈ తేడా అంత పెరుగుతుంది. జూన్ దగ్గర పడేసరికి సూర్యుడు బాగా ఉత్తరాన ఉంటాడు. అమావాస్యనాడు చంద్రుడు సూర్యుడి పక్కనే కాబట్టి అతనూ ఉత్తరానే. పౌర్ణమినాడు సరిగ్గా ఎదురుగా, అంటే దక్షిణాన. రెండు సందర్భాల్లోనూ చంద్రుడు భూమధ్యరేఖకి దూరంగానే ఉన్నాడు చూడండి. అందుకని పెద్ద పోటు రోజులూ, బాగా తేడా చూపించే రోజులూ ఒకేసారి వచ్చి పడతాయి.

ఇంకో తమాషా ఉంది. చంద్రుడి వైపు సముద్రం ఉబ్బినట్టే, దానికి సరిగ్గా అవతలి వైపు కూడా ఉబ్బుతుంది. ఎండాకాలపు అమావాస్యకి చంద్రుడి వైపు ఉబ్బు ఉత్తరాన ఉంటే, పౌర్ణమికి అవతలి ఉబ్బు ఉత్తరాన ఉంటుంది, రెండూ ఫ్లోరిడాని పగటిపూటే దాటతాయి. సముద్రం లోతూ తీరం వంపులూ కలిసి ఈ గడియారాన్ని కొంత ముందుకో వెనక్కో జరుపుతాయనుకోండి, అయినా వేళ మాత్రం రెండు తిథులకీ ఇంచుమించు ఒకటే, నీరు జోరుగా తీసేది మధ్యాహ్నం దాటాకే. చలికాలంలో ఇదంతా తిరగబడి, నీరు బాగా తీసేసేది తెల్లవారుజామునా ఉదయమూ అవుతుంది. పైగా చంద్రుడు ఉత్తర దక్షిణాలకి ఎంత దూరం వెళ్తాడన్నది కూడా 18.6 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంది, 2025 ప్రాంతంలో అది గరిష్ఠానికి చేరింది. ఇదంతా తెలియకుండానే పాత కెప్టెన్లు అనుభవంతో పట్టేశారంటే మెచ్చుకోవాల్సిందే.

ఇక నీళ్లు తీసినప్పుడు ఏమవుతుంది? బోకా గ్రాండే పాస్ అనేది షార్లెట్ హార్బర్ అనే పెద్ద ఉప్పునీటి అఖాతానికి ముఖద్వారం, కొన్నిచోట్ల 70 అడుగులకి పైగా లోతు. పీస్, మయాక్కా నదుల నీళ్లు కలిసే ఆ అఖాతం మొత్తం ఈ ఇరుకు దారిలోంచి గల్ఫ్‌లోకి దిగాలి. ఆ లాగుడుకి గడ్డిదుబ్బులతో పాటు చిన్న పీతలు వేలకొద్దీ పైకి తేలి కొట్టుకొస్తాయి. కింద వందల టార్పన్‌లు నోళ్లు తెరుచుకుని కాచుకుని ఉంటాయి. ఎర కూడా బతికున్న పీతే, ఇంకేం కావాలి.

ఇవి అక్కడికి తిండికోసమే రావు. నీటి వేడి 24 డిగ్రీలకి అటూ ఇటూగా చేరగానే తీరం వెంబడి గుంపులు కదులుతాయి, గుడ్లు పెట్టడానికి ముందు ఇక్కడ ఒళ్లు చేసుకుని, తర్వాత దూర సముద్రంలోకి పోతాయి. పెద్ద ఆడచేప కోటికి పైగా గుడ్లు పెట్టగలదు. పిల్ల మొదట చేపలా ఉండదు, గాజులా పారదర్శకంగా, సన్నటి ఆకులా ఉంటుంది. సుమారు అంగుళం దాకా పెరిగి, ఆ తర్వాత సగానికి కుంచించుకుపోయి, అప్పుడు చేపరూపం తెచ్చుకుని మళ్లీ పెరుగుతుంది. పెరిగి తగ్గి పెరగడమేంటి అనిపిస్తుంది కానీ దీని చుట్టాలైన మలుగుపాములదీ ఇదే వరస.

ఆ పిల్లలు మడ అడవుల్లోని నల్లటి నిలవనీటి మడుగుల్లోకి చేరతాయి. అక్కడ ఆక్సిజన్ బాగా తక్కువ, వాటిని తినే పెద్ద చేపలూ అంతగా రావు. మరి ఇవెలా బతుకుతాయంటే, గాలి పీలుస్తాయి. వీటి గాలితిత్తి లోపల రక్తనాళాలతో నిండిన మెత్తటి పొర ఉంటుంది, అది ఊపిరితిత్తి పని చేస్తుంది. ఈ అలవాటు పెద్దయ్యాకా పోదు. పాస్‌లో బోటు ఆపుకుని కూర్చుంటే, పక్కనే వెండి వీపు ఒకటి నిదానంగా దొర్లి, గుప్పెడు గాలి మింగి, బుడగలు వదిలి దిగిపోవడం కనిపిస్తుంది. కెప్టెన్ చూసేది ఆ దొర్లడాన్నే. దీని చిన్న తమ్ముడు మన బంగాళాఖాతం తీరంలోనూ, ఉప్పునీటి కయ్యల్లోనూ ఉన్నాడు, అతనూ గాలి మింగేవాడే కానీ సైజులో దీనిముందు పిల్లకాయ. ఇక్కడిది 35, 50, 60 కిలోలు తూగుతుంది. ఆయుష్షు కూడా గట్టిది: షికాగోలోని షెడ్ అక్వేరియానికి 1935లో తెచ్చిన టార్పన్ 1998 దాకా బతికింది.

గాలం తగిలిందా, చేప మొత్తం నీళ్లలోంచి పైకి లేస్తుంది, తల విదిలిస్తుంది, మొప్పలు గలగలమంటాయి. కొత్తవాళ్లు ఆ క్షణంలో బిగపట్టి లాగుతారు, అంతే, దారం తెగుతుంది, లేదా ఎముకలా గట్టిగా ఉండే ఆ నోట్లోంచి కొక్కెం ఊడిపోతుంది. అందుకే చేప ఎగిరినప్పుడల్లా కెప్టెన్ "వంగు, వంగు" అని అరుస్తాడు. ముందుకి వంగి కర్రని చేప వైపు చాస్తే దారం వదులై ఆ కుదుపు తగ్గుతుంది.

ఇంత చేసి పట్టిన చేపని ఇంటికి తెచ్చుకోవడానికి లేదు. 2013 నుంచి ఫ్లోరిడాలో టార్పన్‌ని పట్టి వదిలేయాల్సిందే, రికార్డు కోసం 50 డాలర్ల ట్యాగ్, అంటే అనుమతి చీటీ, కొన్నవాళ్లకి మాత్రమే మినహాయింపు. 40 అంగుళాలు దాటినదాన్ని నీళ్లలోంచి ఎత్తకూడదు కూడా. ఫొటో పిచ్చిలో దీన్ని మరిచిపోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అదే రోజుల్లో మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేటనిషేధం, మర బోట్లన్నీ ఒడ్డునే. పునరుత్పత్తి కాలంలో మనం వేటే ఆపేస్తున్నాం, వాళ్లు పట్టి వదులుతున్నారు. అక్కడ వేటకి వచ్చేవాళ్లలో చాలామందికి అది జీవనాధారం కాదు, ఇక్కడ అది కూడు. అందుకే ఈ పోలికని ఎక్కువ దూరం లాగలేం.

వదిలేసినవన్నీ బతుకుతాయా అంటే, లేదు. బోకా గ్రాండేలోనూ టాంపా బేలోనూ పట్టి వదిలిన చేపలకి పరికరాలు కట్టి వెంబడించిన ఒక పరిశోధనలో సుమారు 13 శాతం చనిపోయాయి, అందులో ఎక్కువ భాగం సొరచేపల పాలే. ఆ సీజన్‌లో సుత్తితల సొరలు కూడా పాస్‌లోనే తిరుగుతుంటాయి, వాటికీ తెలుసు ఇక్కడ అలిసిపోయిన టార్పన్ దొరుకుతుందని. పోరాటం ఎంతసేపు సాగితే చేప అంత నీరసపడుతుంది. కాబట్టి సన్నటి దారంతో గంటలు గంటలు ఆడించడం గొప్ప కాదు, బలమైన సరంజామాతో త్వరగా తెచ్చి వదలడమే మేలు. నీళ్లలో సొర నీడ కనిపించగానే మంచి కెప్టెన్ మనల్ని అడగడు, దారం తెంపేస్తాడు.